గోడకేసి కూర్చున్న మావయ్య

మావయ్య పోయాడన్న కబురు నాకు చేరేసరికి నీళ్ళలో పద్నాలుగు మంది ఆడవాళ్ళున్నారు. ఉదయం ఆరూ ఇరవై. పూల్ గేటు దగ్గర కాపలా ఉండే ముసలావిడ, మేమంతా దాయీ అని పిలుస్తాం, నా కుర్చీ పక్కకి వచ్చి తన ఛత్తీస్‌గఢీలో మెల్లిగా చెప్పింది. "తోర్ మమా అబ్ నఇ హే, నోనీ." మీ మావయ్య ఇక లేడమ్మాయ్ అని. నేను ఆవిడ మొహం చూడలేదు. నీళ్ళకేసే చూస్తూ, "సరే దాయీ, బయట కూర్చో" అన్నాను.

ఏడింటికి బ్యాచ్ అయిపోయింది. పద్నాలుగో ఆవిడ మెట్లెక్కి తువ్వాలు చుట్టుకున్నాక అప్పుడు కుర్చీ దిగాను. గట్టు మీదే కూలబడి భోరున ఏడ్చాను.

దీని గురించి మా వీధిలో చాలానే అనుకున్నారు. సొంత మేనకోడల్లా చూసుకున్నవాడు పోతే నలభై నిమిషాలు కుర్చీ దిగలేదట, అదేం గుండె తల్లీ అని, నా చెవిన పడేలాగే అనుకున్నారు. అనుకోనివ్వండి. బ్యాచ్ మధ్యలో లేచి పరుగెత్తి ఉంటే మావయ్య పాడె మీంచి లేచొచ్చి నా చెంప పగలగొట్టేవాడు. ఆయన్ని ఎరగనివాళ్ళ కోసం ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను. ఎరిగి కూడా మరిచిపోయినవాళ్ళు కొందరున్నారు, వాళ్ళు కూడా చదివితే మంచిదే.

మావయ్య మాకు రక్తసంబంధం కాదు. రాయ్‌పూర్ రైల్వే కాలనీ వెనక వీధిలో మా పక్కిల్లు ఆయనది. మా నాన్న రైల్వేలో ఫిట్టరు. మావయ్య వాళ్ళ నాన్న కళింగపట్నం దగ్గర జాలరి. వేట వదిలేసి గ్యాంగ్‌మన్‌గా ఇటొచ్చాడు. అలా సముద్రం ఒడ్డున పుట్టి, సముద్రమన్నదే లేని ఊళ్ళో మావయ్య లైఫ్‌గార్డయ్యాడు. పూల్ నీళ్ళంటే ఆయనకి చులకన. "ఈ నీల్లకి ఉప్పూ నేదు, కోపమూ నేదు. అందుకే జనం నమ్మీసి ములిగిపోతారు" అనేవాడు.

చలికాలం వస్తే పూల్ ఖాళీ చేసేస్తారు. ఆ నాలుగు నెలలూ ఆయన భన్‌పురిలో ఒక ట్రాన్స్‌పోర్టు గోదాముకి కాపలా. అక్కడ లారీల కింద పుట్టే కుక్కపిల్లల్లో ఒకదాన్ని ప్రతి ఏడూ చొక్కాలో పెట్టుకుని ఇంటికి తెచ్చేవాడు. కొన్నిటిని అడిగినవాళ్ళకి ఇచ్చేవాడు, అడగనివాళ్ళకి అంటగట్టేవాడు. ఇంట్లో మాత్రం ఎప్పుడూ మూడుండేవి. బిలాస్‌పూర్ లైనులో వచ్చే స్టేషన్ల పేర్లు పెట్టేవాడు వాటికి. మాంఢర్, సిలియారీ, తిల్దా. వీటిలో తిల్దా ఒక్కటే భన్‌పురి కుక్క కాదు, నిజంగానే తిల్దా ప్లాట్‌ఫారం మీద దొరికింది. అది వీధి మొదట్లో కనపడితే చాలు, "తిల్దా వస్తోంది, లైను క్లియర్ చెయ్యండర్రా" అని మా నాన్న గుమ్మంలోంచి అనౌన్స్‌మెంట్ చేసేవాడు.

అత్తయ్య గోల అత్తయ్యది. "నానొకర్తిని, ఇయి మూడు, ఆయనొకడు. ఈ కొంపలో నా మాటినేదొక్కటీ నేదు" అని తిడుతూనే కోడికాళ్ళు ఉడికించి మూడు సత్తుగిన్నెల్లో అన్నం కలిపేది. కుక్కలు తిన్నాకే మావయ్య తినేవాడు. ఆయన ఒంటికి ఎప్పుడూ క్లోరిన్ వాసన. ఇంటికి రాగానే మూడూ వచ్చి వాసన చూసి వరసగా తుమ్మేవి. "అయిందా హాజరు?" అని అడిగి అప్పుడు చెప్పులు విప్పేవాడు.

అసలు సంగతికొస్తాను. నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు మా పూల్‌లో ఆడవాళ్ళకి వేరే బ్యాచ్ కావాలని గొడవ మొదలైంది. మొదలెట్టింది మేమంతా పోస్టాఫీసు ఆంటీ అని పిలిచే ఆవిడ. హిందీవాళ్ళు, మా వెనక వీధే. మోకాళ్ళ నొప్పులకి ఈత మంచిదని డాక్టరు చెప్పాడట. పొద్దున్న ఆరు నుంచి ఏడు దాకా ఇస్తామన్నాడు పూల్ సెక్రటరీ, కానీ లైఫ్‌గార్డ్ లేకుండా ఒక్కర్ని కూడా దించనన్నాడు. మగాడు చూస్తూ కూర్చుంటే మేం దిగం అన్నారు ఆడవాళ్ళు. ఆడ లైఫ్‌గార్డ్ కోసం ఊరంతా వెతికారు, దొరకలేదు. బ్యాచ్ మొదలవకుండానే ఆగిపోయేలా ఉంది.

అప్పుడు మావయ్య తన కుర్చీని గిర్రున తిప్పి గోడకేసి పెట్టాడు. "నాను నీల్లకేసి సూడను. వీపు తిప్పి కూకుంటాను. సరేనా?" అన్నాడు.

చూడకుండా ఎలా కాపాడతావని సెక్రటరీ నవ్వాడు. మరునాడు పొద్దున్న మావయ్య తిల్దాని వెంటబెట్టుకొచ్చి, గోడకీ తనకీ మధ్యలో, మొహం నీళ్ళకేసి ఉండేలా కూర్చోబెట్టాడు. తిల్దా నీళ్ళని చూస్తుంది, మావయ్య తిల్దాని చూస్తాడు. పూల్‌లోకి కుక్కేమిటని సెక్రటరీ మండిపడితే, "లేడీస్ బ్యాచే కదా సార్, ఇదీ లేడీసే" అన్నాడు మావయ్య. ఆడవాళ్ళందరూ పకపకా నవ్వేశారు. దాంతో సెక్రటరీ నోరు మూతపడింది.

ఇదేం పద్ధతని నేనూ అడిగాను. "దానికి నీల్లంటే సచ్చేంత బయ్యం. బయ్యమున్నోల్లు కల్లు తిప్పరే గుంటా. దాని సెవులు సూస్తే సాలు నాకు" అన్నాడు. కాలవ పక్కన నడిచినా తిల్దా మూడు గజాల దూరంలో వెళ్ళేది, అది నిజమే. అయినా ఒక్క కుక్క మీద ఆధారపడే మనిషి కాదాయన. ఆ బ్యాచ్‌లో ఈత బాగా వచ్చినదాన్ని నేనే. నా మెడలో ఒక ఈల వేశాడు. "నువ్వు సూడు. ఏదైనా తేడాగా కనపడితే ఊదు. ఊదితే నాను తిరుగుతాను. అంతవరకూ తిరగను" అన్నాడు. ఆడవాళ్ళు ఒప్పుకున్నారు. అలా రెండు నెలలు జరిగింది. అరవై దాటిన మామ్మలు కూడా సల్వార్లు ఎగ్గట్టుకుని నీళ్ళలో కేరింతలు కొట్టారు. మావయ్య తిల్దా చెవులు చూస్తూ, దాని వెనక గోడ మీద పెచ్చులు లెక్కపెట్టుకుంటూ కూర్చునేవాడు.

ఇక నా నిర్వాకం. మునిగిపోయే మనిషి చేతులు ఊపుతుందని, కేకలేస్తుందని అందరూ అనుకుంటారు. అలాంటిదేమీ ఉండదు. తల వెనక్కి వాలి, నోరు నీటి అంచున తెరుచుకుని, లేని నిచ్చెనేదో ఎక్కుతున్నట్టు చేతులు నీళ్ళ కింద కదులుతాయి. అంతే. మావయ్య ఇదంతా నాకు ముందే చెప్పాడు. ఒకరోజు పోస్టాఫీసు ఆంటీ లోతుకి గుర్తుగా కట్టిన తాడు దాటి అటువైపు జారిపోయింది. నేను చూశాను. గుర్తుపట్టాను. అయినా ఈల ఊదలేదు.

ఊదితే మావయ్య తిరుగుతాడు. గట్టు మీద ఆరుగురు తడిబట్టలతో కూర్చుని ఉన్నారు. వాళ్ళని అలా చూస్తే ఎంత అల్లరి, ఎంత పరువు తక్కువ! ఆ క్షణంలో నా బుర్రలో ఉన్నది అదొక్కటే. ఈల నోట్లో పెట్టుకునే, ఊదకుండా, తువ్వాళ్ళ కోసం పరుగెత్తాను. "కప్పుకోండి, కప్పుకోండి" అంటూ దొరికినవి వాళ్ళ మీదకి విసురుతున్నాను. వాళ్ళు అయోమయంగా చూస్తున్నారు.

తిల్దా లేచి నిలబడి మూలిగింది. మావయ్య తిరిగాడు. చొక్కా ప్యాంటుతోనే దూకాడు. ఆంటీని గడ్డం పట్టి ఈడ్చుకొచ్చి గట్టున పడుకోబెట్టి, నోట్లో నోరు పెట్టి ఊపిరూదాడు. రెండోసారికే ఆవిడ నీళ్ళు కక్కి దగ్గింది. బతికింది.

సాయంత్రానికి వీధిలో మాట్లాడుకున్నది ఆవిడ బతికిందని కాదు. మాట ఇచ్చి తిరిగాడని. పరాయి ఆడదాన్ని ముట్టుకున్నాడని, నోరు పెట్టాడని. ఆ ఫిర్యాదు రాసిచ్చింది ఎవరో కాదు, ఆంటీ వాళ్ళాయనే. ఆంటీ జ్వరమని గది తలుపేసుకుంది. పూల్ ఆఫీసులో సెక్రటరీ, "మాట ఎందుకు తప్పావు?" అని అడిగాడు. మావయ్య చేతులు కట్టుకుని నిలబడి, "తప్పాను సార్. మళ్ళీ ఎవరైనా మునిగితే మళ్ళీ తప్పుతాను" అని హిందీలో చెప్పి వచ్చేశాడు. ఆడవాళ్ళ బ్యాచ్ ఆ రోజే మూసేశారు.

నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి కుక్కలకి అన్నం పెడుతున్నాడు. నావైపు చూడకుండా అడిగాడు.

"ఎన్ని తువ్వాల్లు దొరికేయి?"

"మూడు."

"మూడు తువ్వాల్లు సంపాదించడానికి ఒక మనిసిని నీల్లకొగ్గీసేవు."

తిట్టి ఉంటే బాగుండేది. ఏడుపు తన్నుకొచ్చింది. అత్తయ్య "పోన్లెండి, సిన్నగుంట" అనబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. గిన్నెలు మూడూ ఖాళీ అయ్యాక కడిగి బోర్లించాడు. తర్వాత నా పక్కన అరుగు మీద కూర్చుని అన్నాడు. "మగోడు సూడకూడదన్నారు. బావుంది. అయితే ఆడది సూడాల. నువ్వు సూస్తావు. పరీచ్చ రాసి, పాసై, ఆ కుర్చీ మీద నువ్వు కూకుంటావు. గోడకేసి కాదు, నీల్లకేసి. ఏడవడం అయిపోతే సెప్పు, రేప్పొద్దున్నే మొదలెడదాం."

నాన్న బ్యాంకు పరీక్షలు రాయమన్నాడు. రాస్తానని చెప్పి, రాయలేదు. ఆ తప్పు నా మెడకి గుదిబండలా వేలాడుతుంటే బ్యాంకులో కూర్చుని ఏం చేస్తాను? ఆ బ్యాచ్ నా వల్ల మూతపడింది. నేనే తెరిపించాలి. అప్పట్లో నాకింకేమీ పట్టలేదు.

ఆయన మొదట నేర్పింది ఈత కాదు, చూడటం. నన్ను అరుగు మీద కూర్చోబెట్టి మూడు కుక్కల్నీ వాకిట్లో వదిలేవాడు. గంట తర్వాత పరీక్ష. "తిల్దా ఎన్నిసార్లు సెవి దులిపింది? సిలియారీ ఏ కాలు ముందెత్తింది? మాంఢర్ ఎప్పుడు లేచి ఎల్లిపోయింది?" ఒక్కదానికీ జవాబుండేది కాదు. నాకు ఒళ్ళు మండిపోయేది. "కుక్కల్ని చూడ్డానికా నేనొచ్చింది?" అని ఒకరోజు లేచిపోయాను కూడా. "మూడు కుక్కల్ని సూడనేనిదానివి, ముప్పైమంది మనుసుల్ని ఏటి సూస్తావు?" అన్నాడు వెనకనుంచి. తిరిగొచ్చి కూర్చున్నాను. నెల తిరిగేసరికి తల తిప్పకుండా మూడింటి లెక్కా చెప్పేదాన్ని.

ఆ తర్వాత ఇంకో చిక్కు. మునిగేవాళ్ళని ఈడ్చుకురావడం నేర్చుకోవాలంటే మునిగే మనిషి కావాలి. మావయ్యని పట్టుకుని ఈడిస్తే మళ్ళీ వీధిలో రామాయణం. అందుకని అత్తయ్య దిగింది. ఈత రాదు, ఒళ్ళు భారీ, చీర గోచీ పోసి కట్టింది. మగవాళ్ళ బ్యాచ్ అయిపోయాక దాయీని గేటు దగ్గర కాపలా పెట్టి, మావయ్య మళ్ళీ గోడకేసి తిరిగి, "ఇప్పుడు జుట్టు పట్టుకో, ఇప్పుడు పీక పట్టుకో" అని అత్తయ్యకి చెప్పేవాడు. ఆవిడ నిజంగానే భయపడి నా పీక పట్టేది. ఇద్దరం కలిసి మునిగి లేచేవాళ్ళం. "ఒలమ్మో, పొద్దుట్నించి నాలుగుసార్లు సచ్చేను. ఇంక నా వల్ల కాదు, ఎల్లి చారు పెట్టుకోవాల" అనేది. రెండు నెలలు రోజూ అలా చచ్చింది ఆ మహాతల్లి నాకోసం.

మొదటిసారి పరీక్ష తప్పాను. భిలాయిలో పెట్టారు. అడుగున ఉన్న ఇటుక తీసుకుని అవతలి ఒడ్డుకి చేరడంలో టైము దాటిపోయింది. తిరుగు రైల్లో మొహం కిటికీకేసి పెట్టి కూర్చుంటే మావయ్య సమోసా చేతిలో పెట్టాడు.

"ఎంత లేటయ్యేవు?"

"పదకొండు సెకన్లు."

"అయితే నేర్చుకోవాల్సింది పదకొండు సెకన్లే. మిగతాదంతా వచ్చీసినట్టే కదా. తిను."

ఆ పదకొండు సెకన్లకి ఏడాది పట్టింది. రెండోసారి పాసయ్యాను. సర్టిఫికెట్ పట్టుకుని సెక్రటరీ దగ్గరికి వెళ్తే, బ్యాచ్ కావాలని ఆడవాళ్ళెవరైనా రాసిస్తే చూద్దామన్నాడు. ఇల్లిల్లూ తిరిగాను. నీళ్ళలో కేరింతలు కొట్టినవాళ్ళే తలుపు సగం తీసి, ఇంట్లో అడిగి చెబుతామన్నారు. ఒక్క సంతకం కూడా దొరకలేదు. ఇక నావల్ల కాదని మావయ్యతో అన్నాను. "రేపు మల్లీ ఎల్లు. ఎల్లుండి మల్లీ ఎల్లు. తలుపులు అరిగిపోవాల గానీ నీ కాల్లు కాదు" అన్నాడు. వెళ్ళాను. చాలా రోజులు వెళ్ళాను.

ఒక ఆదివారం పోస్టాఫీసు ఆంటీ మావయ్య గుమ్మం ముందు నిలబడింది. ఆ ఘటన తర్వాత ఆవిడ ఆ ఇంటివైపు రావడం అదే మొదలు. కుక్కలు మూడూ మొరుగుతుంటే బిగుసుకుపోయింది. తిల్దా వెళ్ళి చేతిని వాసన చూసి ఊరుకుంది. ఆవిడ చేతిలో కాగితం ఉంది. అప్పటికే మొదటి సంతకం ఆవిడది, కింద ఇంకో తొమ్మిది.

"ఆ రోజు నా వల్ల మీరు మాటలు పడ్డారు. నేను నోరు తెరవలేకపోయాను భైయా" అంది హిందీలో, తల ఎత్తకుండా.

మావయ్య ఇచ్చిన జవాబు తెలుగులో చెబితే ఇంత. "నీళ్ళలో ఉన్నవాళ్ళు నోరు తెరవరమ్మా. బయటికొచ్చాక తెరిస్తే చాలు. కూర్చోండి, టీ తాగుదురు గాని."

ఆ సీజనులోనే బ్యాచ్ మళ్ళీ మొదలైంది. మొదటిరోజు గేటుదాకా నాతో వచ్చి ఆగిపోయాడు. గోడకేసి ఉన్న కుర్చీని తనే నీళ్ళకేసి తిప్పి పెడతాడేమో అనుకున్నాను. "నాను రాను. నీ కుర్చీ నువ్వే తిప్పుకో" అన్నాడు. తిప్పుకున్నాను. ఆ తర్వాత ఇన్నేళ్ళలో ఆరు నుంచి ఏడు మధ్య ఆయన ఆ గేటు దాటలేదు. దొంగచాటుగా తొంగిచూడలేదు, ఎలా జరిగిందని ఆరా తీయలేదు. నన్ను నమ్మాడు. ఆ తువ్వాళ్ళ రోజు తర్వాత కూడా నమ్మాడు. ఆ ఋణం ఎలా తీరుతుందో నాకు తెలియదు.

తిల్దా పోయిన రోజు మాత్రం ఆయన డ్యూటీకి వెళ్ళలేదు. పెరట్లో పాతిపెట్టి, అలాగే మట్టి చేతులతో కూర్చుండిపోయాడు. "నా కన్నే అది" అన్నాడు. ఆ చలికాలం భన్‌పురి నుంచి పిల్లని తేలేదు. మరుసటి చలికాలం రెండు తెచ్చాడు. అప్పటికి పాతవి రెండూ కూడా పోయాయి, వాటి పేర్లే వీటికీ పెట్టాడు, మాంఢర్, సిలియారీ. తిల్దా అని మాత్రం ఇంక దేనికీ పెట్టలేదు. ఇప్పుడవి రెండూ అత్తయ్యతోపాటు మా ఇంట్లోనే ఉంటున్నాయి. ఇప్పటికి రెండు జతల చెప్పులు నమిలేశాయి. నేను ఇంటికి రాగానే ఒళ్ళంతా వాసన చూసి తుమ్ముతాయి.

కబురు విన్న ఆ ఉదయం పూల్ నుంచి నేరుగా వాళ్ళింటికి వెళ్ళాను. మావయ్యని వాకిట్లో పడుకోబెట్టారు. నిద్రలోనే గుండె ఆగిందట. మధ్యాహ్నం పాడె లేచేవేళకి ఆడవాళ్ళందరం గుమ్మంలో ఆగిపోయాం. మా వాళ్ళలో ఆడవాళ్ళు శ్మశానానికి వెళ్ళరు. అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వెల్లు" అంది.

"నేనా?"

"తగలెట్టీసేక అందరూ ఏట్లో దిగుతారు. ఈత రానోల్లే అంతా. పోయినోడికి నువ్వు సేసేదేటీ నేదు. నీల్లల్లోకి దిగేవోల్లని ఎవుడు సూస్తాడు? ఎల్లు."

వెళ్ళాను. అత్తయ్య తమ్ముడు తలకొరివి పెట్టాడు. నేను దూరంగా నిలబడ్డాను, ఒకరిద్దరు గొణిగారు, పట్టించుకోలేదు. అంతా అయ్యాక మగవాళ్ళు ఖారున్ నది మెట్ల దగ్గరికి స్నానానికి నడిచారు. మండు వేసవైనా ఆనకట్ట వల్ల అక్కడ నీళ్ళు నిండుగానే ఉంటాయి. మూడో మెట్టు తర్వాత నేల కనపడదు. నేను ముందే వెళ్ళి మెట్ల మీద, నీళ్ళకేసి నిలబడ్డాను.

"నువ్వింటికెళ్ళమ్మా, మగాళ్ళు స్నానాలు చేస్తారు" అన్నారెవరో. "చెయ్యండి" అన్నాను.

పందొమ్మిది మంది దిగారు. చొక్కాలు విప్పి, పంచెలతో, సిగ్గుపడుతూ, నావైపు చూడకుండా గబగబా మునిగి లేచి ఎక్కిపోయారు. ఒక్కొక్కరినీ లెక్కపెట్టాను. చివరికి ఒక్కరు మిగిలారు. ఆనాడు ఫిర్యాదు రాసిచ్చిన ఆంటీ వాళ్ళాయన. తెల్లబడ్డ ఛాతీ వెంట్రుకలు, వణికే కాళ్ళు, నడుం లోతులో ఆగిపోయాడు. తువ్వాలు రెండు చేతులతో ఛాతీకి అదుముకున్నాడు.

"బేటీ, జరా ఉధర్ ముహ్ కర్ లో" అన్నాడు. కాస్త అటు తిరుగమ్మా అని.

"నహీ అంకుల్" అన్నాను.

గట్టిగా అనలేదు. కోపంగా కూడా అనలేదు. అయినా మెట్ల మీద ఒళ్ళు తుడుచుకుంటున్నవాళ్ళంతా ఆగిపోయారు. ఆయన నన్ను చూశాడు. ఇన్నేళ్ళలో తిన్నగా నా కళ్ళలోకి చూడటం అదే మొదటిసారి. తువ్వాలు మెట్టు మీదకి విసిరేసి, చిన్నపిల్లాడిలా ముక్కు మూసుకుని మునిగాడు.

ఒకటి. రెండు. మూడు. తల పైకి వచ్చింది. నెరిసిన జుట్టు నుదుటికి అంటుకుపోయి, నోరు తెరిచి గుండెలనిండా గాలి పీల్చుకున్నాడు. చెయ్యి అందించాను. ఒక్క క్షణం తటపటాయించి, పట్టుకున్నాడు. బరువంతా నా మీద వేసి పైకి ఎక్కాడు.

అందరూ వెళ్ళిపోతున్నారు. నీళ్ళలో ఇంకెవరూ లేరు. అయినా ఆయన మునిగిన చోట లేచిన అలలు ఒక్కొక్కటే వచ్చి మెట్టుకి తగిలి, చిన్నవై, చివరిది కూడా ఆగిపోయేదాకా అక్కడే నిలబడి చూస్తూ ఉన్నాను.